పాత కారు బిల్లును దేనితో పోల్చాలి?

పన్నెండేళ్ల కిందట కొన్న చిన్న కారు. ఓడోమీటరు లక్షా డెబ్బై వేలు దాటింది. మెకానిక్ చీటీ రాసిచ్చాడు: క్లచ్ సెట్టు, ముందు చక్రాల సస్పెన్షన్ బుష్‌లు (కుదుపును తట్టుకునే రబ్బరు ముక్కలు), రేడియేటర్, నాలుగు టైర్లు. కూలీతో కలిపి అరవై వేలు. అమ్మకానికి పెడితే ఆ బండికి వచ్చేది రెండు లక్షలు. ఇలాంటప్పుడు ఇంట్లోనూ ఆఫీసులోనూ వినిపించే సలహా ఒక్కటే: "రెండు లక్షల బండికి అరవై వేలా? వదిలించుకుని కొత్తది తీసుకో."

సలహా ఇచ్చేవాళ్లు మంచి కోరే చెబుతారు. కానీ ఆ మాట విని, బాగా నడుస్తున్న బండిని అమ్మేసి, ఐదారేళ్ల వాయిదాల్లో ఇరుక్కున్న మధ్యతరగతి కుటుంబాలు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. అందుకే ఈ లెక్కను ఒకసారి విప్పి చూడాలి.

బిల్లును బండి అమ్మకం ధరతో పోల్చడంలోనే పొరపాటు ఉంది. అమ్మేసినంత మాత్రాన కారు అవసరం తీరదు. పిల్లల్ని బడికి దింపాలి, పెద్దవాళ్లను ఆస్పత్రికి తీసుకెళ్లాలి, పండగకు ఊరెళ్లాలి. కాబట్టి పక్కపక్కన పెట్టి చూడవలసినవి రెండే: పాత కారును మరో ఏడాది నడపడానికి అయ్యే ఖర్చు, దాని స్థానంలో వచ్చే కారుకు ఏడాదికి అయ్యే ఖర్చు.

రెండోది ఎంతో చూద్దాం. బీమా కంపెనీలు కారు విలువ కట్టడానికి వాడే తరుగుదల పట్టిక ప్రకారం, రెండో ఏడాదిలో 20 శాతం, మూడో ఏడాదిలో 30, నాలుగో ఏడాదిలో 40, ఐదో ఏడాదిలో 50 శాతం తగ్గిస్తారు. అంటే పది లక్షల కారు ఐదేళ్లకు ఐదు లక్షలవుతుంది. గ్యారేజీలో కదలకుండా ఉన్నా సరే, ఏడాదికి సగటున లక్ష రూపాయలు పోయినట్టే. తెలుగు రాష్ట్రాల్లో ఐదు నుంచి పది లక్షల మధ్య ధర ఉన్న కారుకు లైఫ్ ట్యాక్స్ 14 శాతం దాకా ఉంటుంది. అది లక్షా నలభై వేలు, మొదటి రోజే కట్టాలి. ఎనిమిది లక్షలు అప్పు తీసుకుంటే, 9 శాతం వడ్డీకి ఐదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 16,600 వాయిదా. అందులో వడ్డీయే మొత్తం మీద లక్షా తొంభై ఆరు వేల దాకా అవుతుంది. తరుగుదల, పన్ను, వడ్డీ మూడింటినీ ఐదేళ్లకు పంచితే ఏడాదికి లక్షా అరవై ఏడు వేలు. ఇంకా ఫుల్ ఇన్సూరెన్సు కలపలేదు.

న్యాయంగా చూస్తే కొత్త కారు వైపు కూడా కొంత ఉంది. పెట్రోలు ఆదా అవుతుంది. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగేవారికి లీటరుకు 15 కిలోమీటర్ల బండి పోయి 19 ఇచ్చే బండి వస్తే 14 లీటర్లు మిగులుతాయి. లీటరు 108 రూపాయలనుకుంటే నెలకు పదిహేను వందలు, ఏడాదికి పద్దెనిమిది వేలు. వారంటీ ఉన్నన్నాళ్లు పెద్ద రిపేర్ల భయం ఉండదు. ఇవన్నీ తీసేసినా లక్షన్నర దగ్గర తేలుతుంది. దాని పక్కన అరవై వేల బిల్లు పెట్టండి. పైగా ఆ అరవై వేలు ఒక్క ఏడాదిలో అయిపోయేవి కావు. టైర్లు నలభై వేల కిలోమీటర్లు వస్తాయి, జాగ్రత్తగా నడిపితే క్లచ్ అంతకంటే ఎక్కువే వస్తుంది, రేడియేటర్ ఏళ్ల తరబడి ఉంటుంది.

అయితే ఈ లెక్క ఒక షరతు మీద నిలబడింది. ఆ అరవై వేలు సరైన చోట, సరైన సమయంలో పడాలి. ఆలస్యమైతే అదే బిల్లు లక్ష దాటుతుంది. అలా ఎందుకు దాటుతుందో తెలియాలంటే కారు ఎలా అరుగుతుందో చూడాలి.

కిలోమీటర్లు చెప్పని సంగతులు

ఓడోమీటరు అంకె చూసి కారు ఆయుష్షు లెక్కగట్టడం మనకు అలవాటు. ట్యాక్సీలుగా తిరిగే డిజైర్లు, ఇన్నోవాలు మూడు లక్షల కిలోమీటర్లు దాటి కూడా ఇంజిన్ విప్పకుండా నడుస్తున్నవి ఎన్నో కనిపిస్తాయి. అదే మోడల్ కారు సొంత వాడకంలో ఎనభై వేలకే ఆయిల్ తాగుతూ కనిపించవచ్చు. ట్యాక్సీ ఉదయం ఒకసారి స్టార్ట్ అయి రోజంతా వేడి మీదే ఉంటుంది, హైవే మీద ఒకే వేగంతో సాగుతుంది, పదివేలకోసారి ఆయిల్ మారుతుంది. ఇంటి కారు రోజుకు రెండు మూడుసార్లు చల్లగా స్టార్ట్ అవుతుంది, మూడు కిలోమీటర్లు వెళ్లి ఆగుతుంది. ఇంజిన్ అరుగుదలలో ఎక్కువ భాగం చల్లగా ఉన్నప్పుడే జరుగుతుంది. ఆయిల్ ఇంకా పైకి చేరలేదు, లోహాలు తమ కొలతకు వ్యాకోచించలేదు, పెట్రోలు కొంత కాలకుండా గోడల వెంట దిగి ఆయిల్లో కలుస్తుంది. ఆ పెట్రోలు, దాంతోపాటు లోపల చేరే చెమ్మ ఆవిరై పోవాలంటే బండి పది పదిహేను కిలోమీటర్లు ఆగకుండా నడవాలి. బజారుకూ బడికీ మాత్రమే తిరిగే బండికి ఆ అవకాశమే రాదు. అందుకే కంపెనీలు "పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది" అంటాయి. ఆ రెండో సగాన్ని ఎవరూ పట్టించుకోరు.

కిలోమీటర్లతో అరిగేవి కొన్నే: టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, వీల్ బేరింగులు. మిగతావాటిలో చాలా భాగం కాలంతో పోతాయి. రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. ప్లాస్టిక్ పెళుసవుతుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది.

టైరు పక్క గోడ మీద కోడిగుడ్డు ఆకారంలో ఒక గడి ఉంటుంది, అందులో నాలుగు అంకెలు. 2319 అని ఉంటే 2019లో ఇరవై మూడో వారంలో తయారైందని అర్థం. గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ ఉన్నా, ఆరేడేళ్లు దాటిన టైరును వేసవిలో హైవే మీద నమ్మకూడదు. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం రోడ్డు ఎంత కాలుతుందో తెలిసినవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. "కారు తక్కువే తిరిగింది, టైర్లు కొత్తగానే ఉన్నాయి" అని సెకండ్‌హ్యాండ్ బండి అమ్మేవాళ్లు చెప్పినప్పుడు ముందు ఆ నాలుగు అంకెలు చూడండి.

రబ్బరు గురించే మరో సంగతి. ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన చాలా కార్ల ఇంధన పైపులు, సీళ్లు, గ్యాస్కెట్లు ఆ మిశ్రమాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. కొన్ని పాత బండ్లలో ఇరవై, ముప్పై వేల కిలోమీటర్ల తర్వాత కొన్ని రబ్బరు భాగాలు మార్చుకోవలసి రావచ్చని, ఆ ఖర్చు పెద్దది కాదని కేంద్ర ప్రభుత్వమే 2025లో చెప్పింది. ఖర్చు చిన్నదే, కానీ పైపు కారడం మొదలైతే ప్రమాదం చిన్నది కాదు. పాత పెట్రోలు కారుంటే ప్రతి సర్వీసులో ఇంధన పైపులను చేత్తో తడిమి చూడమని మెకానిక్‌ను అడగాలి.

వందల రూపాయల భాగం, వేల రూపాయల నష్టం

పాత కారు బిల్లు పెరిగే తీరు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. చౌక భాగం ఒకటి ఖరీదైన భాగాన్ని కాపాడుతూ ఉంటుంది. చౌకది పోయిన సంగతి మనకు తెలియదు, తెలిసినా ఈ నెల కాదులే అనుకుంటాం. ఆ తర్వాత ఖరీదైనది పోతుంది.

దీన్ని అన్నిటికంటే బాగా చూపించేది కూలింగ్ వ్యవస్థ. ఇంజిన్ చుట్టూ తిరిగే కూలెంట్ మామూలు నీళ్లలా వంద డిగ్రీలకు మరగదు. మూత బిగించిన రేడియేటర్‌లో ఒత్తిడి ఉంటుంది, కూలెంట్‌లో గ్లైకాల్ ఉంటుంది, ఆ రెండింటి వల్ల మరిగే స్థాయి పైకి జరుగుతుంది. పదేళ్ల బండిలో రేడియేటర్‌కు రెండు అంచుల్లో ఉండే ప్లాస్టిక్ ట్యాంకు సన్నగా చిట్లుతుంది, లేదా హోస్ పైపు క్లిప్పు దగ్గర ఉబ్బుతుంది. అక్కడి నుంచి కూలెంట్ బొట్టు బొట్టుగా పోతుంది. వేడి ఇంజిన్ మీద పడి ఆరిపోతుంది కాబట్టి కింద మరక కూడా కనిపించదు. మనం పై నుంచి నీళ్లు పోస్తాం. మన దగ్గర చాలా ఊళ్లలో ఆ నీళ్లు బోరు నీళ్లు. అందులోని సున్నం రేడియేటర్ సన్నని గొట్టాల్లో పేరుకుంటుంది. ఒక రోజు ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని నిలబడినప్పుడు ఒత్తిడి భరించలేక పైపు పగులుతుంది.

ఆ తర్వాతి ఐదు నిమిషాలే బిల్లును తేలుస్తాయి. చాలా చిన్న కార్లలో ఇప్పుడు టెంపరేచర్ ముల్లు లేదు, ఎర్ర దీపం మాత్రమే ఉంది. అది వెలిగాక ఇక వ్యవధి ఉండదు. ముల్లున్న కార్లలో కూడా కూలెంట్ పూర్తిగా పోయాక సెన్సార్ ఆవిరిలో వేలాడుతుంది కాబట్టి ముల్లు ఒక్కోసారి కిందికి దిగి మోసం చేస్తుంది. "ఇంకో రెండు కిలోమీటర్లలో షెడ్డు ఉంది" అని నడిపితే ఇంజిన్‌కు పై మూతలా ఉండే అల్యూమినియం హెడ్డు వంగుతుంది. లేత్ షాపులో దాన్ని తిరగేసి, ఉక్కు పట్టీ అడ్డంగా ఆనించి, కింద ఫీలర్ గేజ్ అనే సన్నని కొలత రేకును దూర్చి చూస్తారు. చాలా చిన్న ఇంజిన్లకు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు సందు దాటితే ఆ హెడ్డును ఫేసింగ్ చేయించాల్సిందే, అంటే అరగదీసి చదును చేయించాల్సిందే. గీతలు మరీ లోతుగా ఉంటే కొత్త హెడ్డే.

మామూలు చిన్న కారుకు ఈ మెట్లు సుమారుగా ఇలా ఉంటాయి: హోస్ పైపు కొన్ని వందలు. థర్మోస్టాట్ వెయ్యి, రెండు వేలు. రేడియేటర్ ఐదారు వేలు. హెడ్ గ్యాస్కెట్ పని, ఫేసింగ్‌తో కలిపి ఇరవై వేలకు అటూ ఇటూ. ఇంజిన్ సీజ్ అయితే, అంటే తిరగకుండా బిగుసుకుపోతే, అరవై వేల నుంచి లక్ష, డీజిల్ అయితే ఇంకా పైన. ఎర్ర దీపం వెలిగిన చోటే బండి ఆపి, ఇంజిన్ ఆర్పి, మూత తెరవకుండా టోయింగ్ బండిని పిలిచినవాళ్లు సాధారణంగా కింది మూడు మెట్లలోనే బయటపడతారు. మూడు వేల టోయింగ్ ఖర్చుకు మనసొప్పక బండి నడిపినవాళ్లు పైమెట్టు దాకా వెళ్తారు.

ఇలాంటి జంటలు కారు నిండా ఉన్నాయి. ముందు చక్రానికి శక్తినిచ్చే షాఫ్టు చివర మడతల రబ్బరు తొడుగు ఉంటుంది. అది చిరిగితే గ్రీజు బయటకు చిమ్ముతుంది, ఇసుక లోపలికి వెళ్తుంది, కొన్ని నెలల్లో స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడల్లా టకటకమని చప్పుడు మొదలవుతుంది. తొడుగు ఖర్చు వందల్లో, షాఫ్టు ఖర్చు వేలల్లో. పాత ఇన్నోవా రెండున్నర లీటర్ల డీజిల్ ఇంజిన్‌లో టైమింగ్ బెల్టు ఉంటుంది. లక్ష నుంచి లక్షన్నర కిలోమీటర్ల మధ్య కంపెనీ చెప్పిన గడువుకు దాన్ని మార్చకపోతే, తెగిన రోజున వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. బ్రేక్ ఆయిల్‌ను రెండేళ్లకోసారి మార్చడానికి వెయ్యి రూపాయల చిల్లర. తేమ పట్టిన పాత ఆయిల్‌తో తిరుమల ఘాట్‌లో పదేపదే బ్రేకు తొక్కుతూ దిగితే అది లోపల మరిగి, పెడల్ మెత్తగా నేల దాకా దిగిపోవచ్చు. దానికి రూపాయల్లో విలువ కట్టలేం.

సస్పెన్షన్ సంగతి కొంచెం వేరు. బుష్‌లు, లింకు రాడ్లు, బాల్ జాయింట్లు ఒకదాని తర్వాత ఒకటి పోతూనే ఉంటాయి, మన రోడ్లకు అది తప్పదు. ఇక్కడ డబ్బు వృథా అయ్యేది విడివిడిగా చేయించడం వల్ల. చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ విప్పినప్పుడే బుష్, బాల్ జాయింట్ రెండూ మార్చితే కూలీ ఒకటే. క్లచ్ కోసం గేర్‌బాక్స్ దించినప్పుడే రిలీజ్ బేరింగు, వెనక ఆయిల్ సీలు మార్చాలి. ఐదు వందల సీలు దగ్గర ఆదా చేసి, ఆర్నెల్లకు మళ్లీ గేర్‌బాక్స్ దింపించుకోవడం మహా బాధ.

ఎక్కడ చేయించాలి

వారంటీ ఉన్నంతవరకు కంపెనీ సర్వీస్ సెంటరే. పదేళ్లు దాటిన బండికి మాత్రం నమ్మకమైన బయటి మెకానిక్ ఉంటే ఖర్చు బాగా తగ్గుతుంది. కారణం కూలీ ఒక్కటే కాదు. సర్వీస్ సెంటర్లలో ఆల్టర్నేటర్ పోతే కొత్త ఆల్టర్నేటర్ వేస్తారు. విజయవాడ ఆటోనగర్‌లో దాన్ని విప్పి, కార్బన్ బ్రష్‌లు, బేరింగులు మార్చి, పరీక్షించి ఇస్తారు. స్టార్టర్ మోటారు, ఏసీ కంప్రెసర్ క్లచ్, డీజిల్ ఇంజెక్టర్ల విషయంలోనూ ఇంతే. ఒక్కో పనికి ఒక్కో నిపుణుడు పక్కపక్క షెడ్లలో ఉండే ఆటోనగర్లు పాత బండ్ల యజమానులకు నిజంగా పెద్ద అండ. అక్కడ నలభై ఏళ్లుగా చేతులకు గ్రీజు పూసుకుని పనిచేస్తున్నవాళ్ల నైపుణ్యానికి మనం ఇచ్చే గౌరవం చాలా తక్కువ.

విడిభాగాల్లో కంపెనీ పెట్టె, నకిలీ అని రెండే రకాలు లేవు. కార్ల కంపెనీలు ఈ భాగాలన్నిటినీ స్వయంగా తయారు చేసుకోవు. బాష్, వాలియో, గాబ్రియేల్, రాణే వంటి సంస్థల నుంచి కొంటాయి. అవే సంస్థలు తమ సొంత పేరుతో బజారులోనూ అమ్ముతాయి, చాలాసార్లు తక్కువ ధరకే. బిల్లు ఇచ్చే దుకాణంలో కొంటే చాలు. 2025 సెప్టెంబరు 22 నుంచి వాహన విడిభాగాలన్నిటి మీద జీఎస్టీ 18 శాతమే. అంతకుముందు చాలావాటి మీద 28 ఉండేది. పాత కారు నడిపేవాళ్లకు ఇది అక్కరకొచ్చిన తగ్గింపు. తీసేసిన పాత భాగాన్ని చూపించమని అడగడం మాత్రం మానకండి. మంచి మెకానిక్ అడగకముందే చూపిస్తాడు.

బీమా మీద ఆశ పెట్టుకోవద్దు. అరుగుదల, యంత్ర వైఫల్యం ఏ మామూలు పాలసీలోనూ లేవు. ప్రమాదం జరిగినా పాత బండికి చేతికొచ్చేది తక్కువే: ప్లాస్టిక్, రబ్బరు భాగాల మీద సగం కోత, పదేళ్లు దాటితే లోహ భాగాల మీద కూడా సగం కోత. మరమ్మతు అంచనా బండి బీమా విలువలో 75 శాతం దాటితే మొత్తం నష్టంగా లెక్కిస్తారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడలో కార్లను ముంచినప్పుడు తేలిన సంగతి ఇంకొకటి: నీళ్లు దిగాక బండిని స్టార్ట్ చేస్తే ఇంజిన్‌లోకి నీరు చేరి జరిగే నష్టం మామూలు పాలసీ కిందికి రాదు, దానికి విడిగా ఇంజిన్ కవర్ అనే అదనపు బీమా ఉండాలి.

ఎప్పుడు వదులుకోవాలి

ఇంతసేపూ పాత కారు పక్షాన మాట్లాడాను. కానీ లెక్క తిరగబడే సందర్భాలు ఉన్నాయి, వాటి దగ్గర మొండితనం పనికిరాదు.

మొదటిది తుప్పు. ఇంజిన్‌ను బాగు చేయవచ్చు, గేర్‌బాక్స్ మార్చవచ్చు; బాడీ అడుగున సస్పెన్షన్ బిగించే చోట్లు, తలుపు కింద పొడవాటి దూలాలు తుప్పు తినేశాక వెల్డింగ్‌తో నమ్మకం తిరిగి రాదు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రపుటూళ్లలో తిరిగిన బండిని లిఫ్ట్ మీద పైకెత్తి, టార్చి వేసి, స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడాలి. డొల్ల చప్పుడు వస్తే ఆ బండి మీద ఇంకో పెద్ద బిల్లు పెట్టవద్దు. వరదలో మునిగిన బండిలో తుప్పు పట్టిన వైరింగ్ కూడా అంతే. ఒక లోపం సరిచేస్తే మరోటి బయటపడుతూనే ఉంటుంది.

రెండోది ఎలక్ట్రానిక్స్. డ్యూయల్ క్లచ్, సీవీటీ ఆటోమేటిక్ గేర్‌బాక్సులున్న కార్లలో, పొగ వడపోత ఉన్న బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణం) డీజిళ్లలో ఒక్క భాగమే లక్ష దాటవచ్చు. మామూలు గేర్ల పెట్రోలు కారుకు చెప్పిన లెక్క వీటికి నేరుగా వర్తించదు.

పదిహేనేళ్లు నిండగానే బండిని తుక్కుకు వేయాలన్న భయం మాత్రం మన దగ్గర అక్కర్లేదు. డీజిల్‌కు పదేళ్లు, పెట్రోలుకు పదిహేనేళ్లు అన్న ఆంక్ష ఢిల్లీ పరిసరాలకు సంబంధించినది. ఇక్కడ సొంత కారుకు ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గితే, గ్రీన్ ట్యాక్స్ కడితే, ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగిస్తారు. కాకపోతే ఆ రుసుము 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్లకు దాన్ని 10,000 చేశారు.

నాకు అన్నిటికంటే బరువుగా తోచేది భద్రత. మన దేశంలో అన్ని కొత్త కార్లకూ ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్‌లో. డ్రైవర్‌కు ఎయిర్‌బ్యాగ్ అదే ఏడాది జులైలో. ముందు కూర్చునే రెండోవారికి 2022 నుంచి. అంతకుముందు వచ్చిన చౌక వేరియంట్లలో చాలావాటికి ఇవేవీ లేవు, ఎంత డబ్బు పోసినా ఏ షెడ్డులోనూ అమర్చలేరు. ఊళ్లో కూరగాయల బజారుకు, రైల్వే స్టేషనుకు తిరిగే బండికి ఇది ఒక రకం ప్రశ్న. రాత్రిపూట హైదరాబాద్ నుంచి విజయవాడకు కుటుంబమంతా ఎక్కి వందకు పైగా వేగంతో వెళ్లే బండికి అదే ప్రశ్న వేరు. ఆ రెండో రకం ప్రయాణాలు తరచుగా ఉంటే అరవై వేల చీటీని పక్కన పెట్టి, రెండు ఎయిర్‌బ్యాగులూ ఏబీఎస్ ఉన్న మూడు నాలుగేళ్ల సెకండ్‌హ్యాండ్ కారును వెతకడం మేలు. దాని తరుగుదలలో పెద్ద భాగాన్ని మొదటి యజమాని అప్పటికే భరించి ఉంటాడు.